అతను, అత్తను: తేడా అంతా నిశ్శబ్దంలోనే

'అతను వచ్చాడు', 'అత్తను పిలిచాడు'. ఈ రెండింటినీ తెలుగువాళ్లెవరూ తికమకపడరు. చెవికి అవి స్పష్టంగా వేర్వేరు మాటలు. కానీ ఆ రెండు మాటల్నీ రికార్డు చేసి, కంప్యూటర్ తెర మీద తరంగాన్ని పెద్దది చేసి చూడండి. ఒత్తు ఉన్నచోట అదనపు శబ్దమేదీ కనిపించదు. రెండింటిలోనూ ముందు 'అ' ఉంటుంది. తర్వాత గీత చదునుగా పడుకుంటుంది. ఆపైన 'త' విడుదలయ్యే చిన్న పోటు, దాని వెనక మిగతా మాట. 'అత్తను'లో ఆ చదును గీత పొడవు ఎక్కువ, ముఖ్యమైన తేడా అదొక్కటే. అంటే మనం 'త్త' అని వింటున్నది చాలావరకు ఒక నిశ్శబ్దపు నిడివిని.

గాలిలో ప్రయాణించేది మాట కాదు, ఒత్తిడిలో హెచ్చుతగ్గులు. దాన్ని మాటగా కట్టేది మెదడు. ఎలా కట్టాలన్నది చాలావరకు బిడ్డకు ఏడాది నిండేలోపే, ఇంట్లో వినిపించే భాషను బట్టి కుదురుకుంటుంది. ఈ సంగతి తెలియకపోవడం వల్లే ఇంట్లో పెద్దవాళ్లు 'వినపడుతోంది గానీ అర్థం కావట్లేదురా' అంటే విసుక్కుంటాం. పుట్టిన బిడ్డకు వినికిడి పరీక్షంటే 'మాటలు వచ్చాక చూద్దాంలే' అంటాం. రెండూ నష్టం చేసేవే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు చేసి చూడండి

ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. ఫ్యాన్ ఆపండి. మైకుకు జానెడు దూరంలో కూర్చుని మామూలు వేగంతో 'అతను' అనండి. తరంగాన్ని జూమ్ చేస్తే 'అ' తర్వాత చదును భాగం దొరుకుతుంది. నాలుక పళ్ల వెనక ఆనుకుని గాలిని పూర్తిగా ఆపేసిన వేళ అది. మామూలు మాటతీరులో దాని నిడివి సెకనులో పదో వంతుకు అటూఇటూగా ఉంటుంది. ఆ చదును భాగంలోంచే 20 మిల్లీసెకన్ల ముక్కను కాపీ చేసి అక్కడే అతికించండి. వినండి. ఇంకో ముక్క అతికించి మళ్లీ వినండి.

మొదట్లో ఒకటి రెండు ముక్కలు కలిపినా 'అతను' అనే వినిపిస్తుంది. ఒకచోటికి వచ్చేసరికి 'అత్తను' అయి కూర్చుంటుంది. సరిహద్దులో ఉన్న ఒకటి రెండు మెట్లు ఒకసారి అలా, ఒకసారి ఇలా వినిపిస్తాయి గానీ 'సగం ఒత్తు' అనే మూడో మాట మాత్రం వినిపించదు. మీరు కొలతను సమానంగా 20 చొప్పున పెంచారు, మెదడు దాన్ని రెండే రెండు పెట్టెల్లో సర్దింది.

ఇది కుదరకపోతే కారణాలు సాధారణంగా ఇవే. కర్సర్ చదును భాగంలో కాకుండా 'త' పోటు మీద పడితే మాట మధ్యలో టిక్కుమంటుంది. గదిలోని సన్నటి రొదకు బదులు కంప్యూటర్ తయారుచేసిన శుద్ధ నిశ్శబ్దాన్ని చొప్పిస్తే చెవి దాన్ని ఖాళీగా పట్టేస్తుంది. అందుకే రికార్డింగులోని ముక్కనే వాడమన్నది. ఫోన్‌లో రికార్డు చేస్తే దాని నాయిస్ రద్దు ఏర్పాటు మాట అంచుల్ని నమిలేస్తుంది. ఇంకొకటి, 'అతను'ను విడిగా కాక గబగబా మాట్లాడిన వాక్యం మధ్యలో పెట్టి ఇదే పని చేస్తే సరిహద్దు జరుగుతుంది. తక్కువ నిశ్శబ్దానికే ఒత్తు వినిపిస్తుంది. మెదడు నిశ్శబ్దాన్ని గడియారంతో కొలవదు, చుట్టూ ఉన్న మాటల వేగంతో పోల్చి కొలుస్తుంది.

ఈ తరహా ప్రయోగాలకు బాట వేసినవాళ్లలో లీ లిస్కర్ అనే అమెరికన్ ధ్వనిశాస్త్రవేత్త ముఖ్యుడు. ఇంగ్లిష్ 'రాపిడ్' మాటలో పెదవులు మూసుకున్న నిడివిని తగ్గించుకుంటూ పోతే అది 'రాబిడ్'గా వినిపిస్తుందని 1957లో చూపించారు. ఆయన తెలుగు మీద కూడా పనిచేశారు, అమెరికన్లకు వాడుక తెలుగు నేర్పే పాఠ్యపుస్తకం రాశారు. ధ్వనుల నిడివికి ఇంత విలువిచ్చే భాష ఆయన దృష్టిలో పడటంలో ఆశ్చర్యం లేదు.

చెవి పంపేది ఎంత?

కర్ణభేరి వైశాల్యం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు. దాని వెనక కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అనే మూడు బుల్లి ఎముకలు. చివరి ఎముక పాదం ఆనుకునే కిటికీ వైశాల్యం 3 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. పెద్ద పొర మీది బలమంతా చిన్న కిటికీ మీదికి చేరడంతో, ఎముకలు మీటలా పనిచేయడంతో ఒత్తిడి 20 రెట్లకు పైగా పెరుగుతుంది. ఈ పెంపు లేకపోతే గాలిలోని శబ్దం లోపలి ద్రవాన్ని తాకి దాదాపుగా అంతా వెనక్కి తిరిగిపోతుంది. చెవిలో చీము పట్టినప్పుడు, ఎముకలు బిగుసుకుపోయినప్పుడు వినికిడి తగ్గేది ఈ మెట్టు దగ్గరే. ఈ రకం లోపాన్ని మందులతోనో సర్జరీతోనో చాలావరకు సరిచేయవచ్చు.

ఆ కిటికీ అవతల కర్ణావర్తం, అంటే కాక్లియా. విప్పి చాపితే 35 మిల్లీమీటర్లు, చుట్టుకుని ఉన్నప్పుడు శనగగింజంత. దాని లోపలి పొర మొదట్లో ఇరుకుగా బిగువుగా ఉంటుంది, కొసకు పోయేకొద్దీ వెడల్పయి వదులవుతుంది. అందువల్ల సన్నటి కీచు ధ్వనులకు మొదలు ఊగుతుంది, బొంగురు ధ్వనులకు కొస ఊగుతుంది. ఈ ఊగే తీరును కనిపెట్టినందుకే గెయోర్గ్ బెకెషికి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పొర మీద లోపలి వరుసలో సుమారు 3,500 రోమ కణాలు ఉంటాయి. మెదడుకు కబురు పంపేది ప్రధానంగా ఇవే. బయటి మూడు వరుసల్లోని 12,000 కణాలు పొడవు పెంచుకుంటూ తగ్గించుకుంటూ సన్నటి శబ్దాల్ని పెద్దవి చేసి, దగ్గర దగ్గరి స్వరాల్ని విడదీస్తాయి. ఇవేవీ ఒకసారి చనిపోతే మనుషుల్లో మళ్లీ మొలవవు. చెవి పక్కనే డీజే బాక్సు పెట్టుకుని నిలబడేవాళ్లు పోగొట్టుకుంటున్నది ముందుగా ఈ బయటి వరుసల్నే.

ఒక్కో చెవి నుంచి సుమారు 30,000 నరపు పోగులు బయల్దేరతాయి. వాటిలో వెళ్లే సమాచారం ఇంతే: ఏ పౌనఃపున్యం దగ్గర, ఎంత బలంగా, ఏ క్షణంలో. 'ఇది త', 'ఇది అమ్మ గొంతు' అన్న గుర్తులేవీ అందులో ఉండవు.

పెద్ద మగవాడు 'ఆ' అంటే శక్తి సుమారు 700, 1200 హెర్ట్జ్‌ల దగ్గర పోగుపడుతుంది. 'ఈ' అంటే 300, 2300 దగ్గర. నాలుగేళ్ల పాప అదే 'ఈ' అంటే ఆ అంకెలన్నీ పైకి జరుగుతాయి, ఎందుకంటే ఆమె గొంతుగొట్టం పొట్టిది. కొలతలు చూస్తే పాప 'ఈ', తాతగారి 'ఈ' ఒకటి కావు. మనకు మాత్రం ఒకటే. మెదడు ముందు గొంతు ఎవరిదో అంచనా వేసుకుని, ఆ గొంతుకు తగ్గట్టు గీటురాయి జరుపుకుంటుంది. కొత్త మనిషి ఫోన్‌లో మాట్లాడితే మొదటి రెండు మూడు మాటలు జారిపోవడానికి ఇదొక కారణం.

హల్లుల సంగతి ఇంకా చిక్కు. 1950లలో అమెరికాలోని హాస్కిన్స్ ప్రయోగశాలలో ఆల్విన్ లీబర్‌మన్ బృందం మాటల్ని యంత్రంతో తయారుచేసి ముక్కలు చేసి చూసింది. 'డి'లో హల్లు దగ్గర రెండో పౌనఃపున్యపు పట్టీ పైకి ఎగబాకుతుంది, 'డు'లో కిందికి దిగుతుంది. ఆ చిన్న ముక్కల్ని అచ్చు లేకుండా విడిగా వినిపిస్తే ఒకటి పైకి లేచే ఈల, రెండోది కిందికి జారే ఈల. 'డ' అనేది రెండింట్లోనూ వినిపించదు. రెండు మాటల్లోనూ ఉన్న ఒకే 'డ' ధ్వనితరంగంలో ఎక్కడా లేదు, పక్క అచ్చుతో కలిపి చూసుకుని మెదడు తేల్చుకున్నదే అది. మాటల్ని గుర్తించే యంత్రాలు తయారుచేయడం దశాబ్దాలపాటు అంత కష్టమైంది ఇందుకే.

వర్ణమాల, మెదడు పొర

చెవి నరం నుంచి కబురు మెదడు కాండంలోకి చేరడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. అక్కడే రెండు చెవుల కబుర్లనూ పోలుస్తుంది. పక్క నుంచి వచ్చే శబ్దం ఒక చెవికి రెండో చెవి కంటే గరిష్ఠంగా 0.7 మిల్లీసెకన్ల ముందు చేరుతుంది. అంతకంటే ఎంతో చిన్న తేడాను, సెకనులో లక్షో వంతును కూడా పట్టగలం. ఏ దిక్కు నుంచి పిలిచారో తెలిసేది దీనివల్లే. ఒక చెవి పూర్తిగా పోయినవాళ్లకు గుంపులో మాట అందకపోవడానికీ, రోడ్డు మీద హారన్ ఏ పక్కనో తెలియకపోవడానికీ కారణం ఇదే. 'రెండో చెవి బాగానే ఉందిగా' అని తీసిపారేయకూడదు.

అక్కడి నుంచి మెదడు నడిమధ్యలో ఉన్న థాలమస్ అనే కూడలి మీదుగా కణతల వెనకున్న మెదడు పొరకు. ధ్వని మొదలైన సుమారు 100 మిల్లీసెకన్లకు అక్కడ పెద్ద అల లేస్తుంది. మూర్ఛవ్యాధికి సర్జరీ చేసే ముందు కొందరి మెదడు మీద నేరుగా ఎలక్ట్రోడులు పరుస్తారు. కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ చాంగ్ బృందం అలాంటి రోగుల అనుమతితో వాక్యాలు వినిపిస్తూ కొలిచి 2014లో ఫలితాలు ప్రకటించింది. ఒక్కో అక్షరానికి ఒక్కో చోటు ఉంటుందనుకుంటే అలా లేదు. కొన్ని చోట్లు గాలిని పూర్తిగా ఆపి వదిలే ధ్వనులన్నింటికీ స్పందించాయి, కొన్ని బుసబుసలాడే ధ్వనులకు, కొన్ని ముక్కుతో పలికేవాటికి.

ఈ విభజన చూడగానే తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు స్పర్శాలు, ఊష్మాలు, అనునాసికాలు గుర్తుకురావాలి. క నుంచి మ వరకు వర్గాలుగా పేర్చిన మన వర్ణమాల నోట్లో ధ్వని పుట్టే చోటును, పుట్టే తీరును బట్టి కట్టింది. విన్న ధ్వనిని మెదడు పొర సర్దుకునే తీరు కూడా చాలావరకు అలాగే ఉండటం నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికంటే అందంగా అనిపించే సంగతి.

సరిహద్దులు ఎవరు గీశారు?

తెలుగు 'ప'ను పెదవులు విడివడగానే, 10, 15 మిల్లీసెకన్లలో గొంతు మోగేలా పలుకుతాం. 'బ'లో పెదవులు విడివడకముందే గొంతు మోగుతుంది. ఇంగ్లిష్ వాళ్ల 'ప'లో మాట మొదట్లో 50, 60 మిల్లీసెకన్లపాటు ఊపిరి పోయాక గాని గొంతు మోగదు. వాళ్ల 'బ' చాలాసార్లు మన 'ప' ఉన్నచోటే ఉంటుంది. అందుకే అమెరికాలో మనవాళ్లు 'ప'తో మొదలయ్యే పేరు చెబితే అక్కడివాళ్లు 'బ'తో రాసుకుంటారు. పలికిన మనిషి తప్పూ కాదు, విన్న మనిషి తప్పూ కాదు. ఇద్దరి మెదళ్లలో గీత వేర్వేరు చోట్ల ఉంది. ఈ వ్యవధిని మొదట పద్ధతిగా పలు భాషల్లో కొలిచింది కూడా లిస్కరే, ఆర్థర్ అబ్రామ్సన్‌తో కలిసి, 1964లో.

నెలల పిల్లలు కూడా 'ప', 'బ' తేడాను పడతారని 1971లో పీటర్ ఐమస్ బృందం చూపింది. మరి పుట్టుకతోనే అన్నీ వింటే పెద్దయ్యాక ఎందుకు వినలేం? దీనికి జవాబు మన 'త', 'ట'ల నుంచి వచ్చింది. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన ప్రయోగంలో ఇంగ్లిష్ ఇళ్లలో పెరుగుతున్న పిల్లలకు హిందీ 'త', 'ట' వినిపించారు. బిడ్డ తల్లి ఒళ్లో కూర్చుంటుంది. స్పీకర్లో ఒకటే ధ్వని పదేపదే వస్తుంటుంది. అది మారగానే తల తిప్పితే పక్కనున్న పెట్టెలో బొమ్మ వెలిగి ఆడుతుంది. తేడా వినపడిన బిడ్డ బొమ్మ కోసం తల తిప్పుతుంది, వినపడని బిడ్డ తిప్పదు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో ఎక్కువమంది తిప్పారు. పది, పన్నెండు నెలల పిల్లల్లో దాదాపు ఎవరూ తిప్పలేదు. హిందీ ఇళ్లలోని పిల్లలు మాత్రం ఆ వయసులోనూ తేలిగ్గా పట్టేశారు.

చెవికి ఏమీ కాలేదు. ఇంట్లో అక్కరలేని తేడాను పట్టించుకోవడం మెదడు మానేసింది, అక్కరకొచ్చేవాటికి పదును పెట్టుకుంది. మనకూ ఇదే జరిగింది. తెలుగులో ఒకటే 'వ' కాబట్టి ఇంగ్లిష్‌లో పళ్లు పెదవికి తగిలే 'వ', పెదవులు గుండ్రం చేసే 'వ' మనలో చాలామందికి ఒకేలా వినిపిస్తాయి.

విదేశాల్లో పిల్లల్ని పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులు గమనించాల్సిన ప్రయోగం ఇంకొకటుంది. ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలతో చైనీస్ మాట్లాడే మనుషుల్ని ఒక్కోసారి 25 నిమిషాల చొప్పున 12 సార్లు ఆడించింది. ఆ పిల్లలు చైనీస్ ధ్వనుల తేడాల్ని, చైనీస్ వింటూ తైవాన్‌లో పెరిగిన పిల్లలతో సమానంగా పట్టారు. అదే మనుషుల్ని, అవే మాటల్ని వీడియోలో చూపించిన పిల్లలు ఏమీ నేర్చుకోలేదు. 2003లో వచ్చిన ఫలితం ఇది. కాబట్టి చంటిబిడ్డ ముందు ఫోన్‌లో తెలుగు పాటలు పెట్టి వదిలేస్తే భాష అంటుతుందనుకోవద్దు. ఎదురుగా కూర్చుని, బిడ్డ చూస్తున్న వస్తువు గురించే మాట్లాడే మనిషి కావాలి. అమ్మమ్మ, నాయనమ్మ ఆ మనిషైతే మరీ మంచిది.

పెద్దవాళ్లకు దారి మూసుకుపోయిందని కాదు. జపాన్ వాళ్లకు ఇంగ్లిష్ 'ర', 'ల' నేర్పిన శిక్షణల్లో పనికొచ్చిన పద్ధతి ఇది: ఒక్కరి గొంతు కాకుండా నాలుగైదు గొంతులు, ఒక్క ధ్వనిలోనే తేడా ఉన్న మాటల జంటలు, ఏది విన్నావో చెప్పగానే తప్పో ఒప్పో అక్కడికక్కడే తెలియడం, వారాల తరబడి సాధన. ఒకే టీచరు గొంతుతో నేర్చుకున్నవాళ్లు ఆ గొంతులోనే తేడా పడతారు, బయట చిక్కుకుపోతారు.

లేనిదాన్ని పూడ్చుకోవడం

మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుందని అనుకుంటాం. తరంగం చూస్తే ఉండదు. 'ఎక్కడికెళ్తున్నావిప్పుడు' అంటే అంతా ఒకే ముద్ద. పైగా నిజంగా నిశ్శబ్దం ఉన్నది మాటల మధ్య కాదు, 'క్క' దగ్గర. అయినా మాటలు విడివిడిగా వినిపిస్తాయి. తెలియని భాష వింటే అలా విడివడవు, అందుకే పరభాషవాళ్లంతా గబగబా మాట్లాడుతున్నట్టు ఉంటుంది. జెన్నీ సాఫ్రన్ బృందం 1996లో ఎనిమిది నెలల పిల్లలకు అర్థంలేని అక్షరాల ప్రవాహాన్ని ఎక్కడా ఆపకుండా రెండు నిమిషాలు వినిపించింది. ఏ అక్షరం వెనక ఏది తప్పకుండా వస్తోంది, ఎక్కడ మారుతోంది అన్న లెక్కతోనే పిల్లలు అందులోని 'మాటల్ని' విడదీసుకున్నారు. రెండే నిమిషాల్లో.

రిచర్డ్ వారెన్ 1970లో ఒక వాక్యంలోంచి ఒక ధ్వనిని పూర్తిగా కోసి, ఆ చోట దగ్గు పెట్టారు. విన్న 20 మందిలో 19 మంది మాట పూర్తిగా ఉందన్నారు. దగ్గు సరిగ్గా ఎక్కడ వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. దగ్గు బదులు నిశ్శబ్దం పెడితే మాత్రం గండి వెంటనే తెలిసిపోయింది. ఏదో శబ్దం అడ్డొచ్చింది కాబట్టి దాని వెనక అసలు ధ్వని ఉండే ఉంటుందని మెదడు పూడ్చుకుంటుంది. గండి మాత్రమే ఉంటే పూడ్చడానికి సాకు దొరకదు. ఆడాసిటీలో ఏ వాక్యంతోనైనా మీరూ చేయవచ్చు. రొద గట్టిగా ఉండాలి, కోసిన ధ్వని కంటే బలంగా ఉండాలి, లేకపోతే పూడదు.

ఈ పూడ్చడం అర్థాన్ని ఆసరా చేసుకుంటుంది. 'వేడి అన్నంలో నెయ్యి వేసుకుని చెప్పులతో కలిపాడు' అని వింటే, 'చెప్పు' దగ్గర సుమారు 400 మిల్లీసెకన్లకు మెదడు తరంగాల్లో ఒక ప్రత్యేకమైన కదలిక వస్తుంది. మార్టా కుటాస్, స్టీవెన్ హిల్‌యార్డ్ 1980లో ఇంగ్లిష్ వాక్యాలతో దీన్ని కనిపెట్టారు. మనం విని ఆ తర్వాత అర్థం చేసుకోవడం లేదు. తర్వాత ఏ మాట రావచ్చో ముందే సిద్ధపడి, వచ్చినదాన్ని దానితో సరిచూసుకుంటున్నాం. చెప్పబోయే విషయం ముందే తెలిస్తే సంత రొదలో కూడా మాట అందుతుంది.

పెదవులు కూడా ఇందులో సాక్షులే. 'బ' అనే ధ్వనికి 'గ' అంటున్న ముఖాన్ని జతచేస్తే చాలామందికి 'ద' లాంటిది వినిపిస్తుందని హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ 1976లో చూపించారు. కళ్లు మూసుకుంటే 'బ', తెరిస్తే 'ద'. ఫోన్‌లో ఈ సాక్ష్యం ఉండదు. పాత టెలిఫోన్ లైన్లలో అయితే 3400 హెర్ట్జ్‌ల పైనున్న ధ్వని కూడా ఉండేది కాదు. ఇంగ్లిష్ స, ఫ అక్షరాల్ని ఫోన్‌లో వేరు చేయలేక స్పెల్లింగ్ విడమరిచి చెప్పాల్సి రావడం అందుకే.

'వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు'

వయసుతో వచ్చే వినికిడి లోపం కర్ణావర్తపు మొదట్లోని రోమ కణాలతో, అంటే హెచ్చు పౌనఃపున్యాలతో మొదలవుతుంది. అచ్చులు కింది పౌనఃపున్యాల్లో ఉంటాయి, బలంగా ఉంటాయి. స, శ, చ, త, క లాంటివి పైన ఉంటాయి, బలహీనంగా ఉంటాయి. కాబట్టి తాతగారికి గొంతు వినిపిస్తుంది, మాటల అంచులు అందవు. అచ్చులు అందుతాయి, హల్లులు పోతాయి. హల్లులు పోతే మాట పోయినట్టే.

ఇక్కడ అందరూ చేసే పని గట్టిగా అరవడం. అరిస్తే పెరిగేది ముఖ్యంగా అచ్చుల బలం, ఇప్పటికే వినపడుతున్నది అదే. పెదవుల ఆకారం కూడా చెదిరిపోతుంది. పైగా బయటి రోమ కణాలు పోయిన చెవికి మెల్లటి శబ్దం అసలు వినపడదు, కాస్త పెంచగానే భరించలేనంత పెద్దదవుతుంది. 'మొదట వినపడలేదన్నాడు, ఇప్పుడేమో ఎందుకు అరుస్తావంటాడు' అన్న ఫిర్యాదు వెనక ఉన్నది ఈ లక్షణం. అది చాదస్తం కాదు.

చేయాల్సింది ఇది. ముందు టీవీ ఆపండి, లేదా పక్క గదిలోకి రండి. మీటరు దూరంలో, ఎదురుగా, వెలుగు మీ ముఖం మీద పడేలా కూర్చోండి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మీ ముఖం వాళ్లకు నీడలా కనిపిస్తుంది. పేరు పెట్టి పిలిచి, చూపు మీ మీదికి వచ్చాక మొదలుపెట్టండి. ముందు విషయం చెప్పండి: 'కరెంటు బిల్లు గురించి, నాన్నా'. ఆ ఒక్క ముక్కతో వాళ్ల మెదడు రాబోయే మాటల్ని సిద్ధం చేసుకుంటుంది. కొంచెం నిదానంగా, వాక్యాల మధ్య విరామమిస్తూ మామూలు గొంతుతో మాట్లాడండి. ఒక మాట అందకపోతే దాన్నే నాలుగుసార్లు తిప్పి చెప్పకండి. మాట మార్చండి. 'చీటీ' అందకపోతే 'డాక్టరు రాసిచ్చిన కాగితం' అనండి.

పరీక్షకు వెళ్లినప్పుడు ముందు గులిమి ఉందేమో చూడమనండి, కొన్నిసార్లు సమస్య అక్కడితో తీరిపోతుంది. ఆ తర్వాత 250 నుంచి 8000 హెర్ట్జ్‌ల వరకు బీప్ శబ్దాలతో చేసే ఆడియోగ్రామ్ ఒక్కటే చాలదు. మాటలు వినిపించి ఎన్ని సరిగ్గా పట్టారో చూసే పరీక్ష కూడా చేయమనండి, అదీ తెలుగు మాటలతో. బీపులు బాగానే విని మాటలు మాత్రం మరీ తక్కువగా పడుతుంటే చిక్కు చెవిలో కాక నరంలోనో, మెదడులోనో ఉండవచ్చు. అరుదుగా, రెండు వైపులా కణత భాగం దెబ్బతిన్నవాళ్లకు ఎదుటివాళ్ల మాట తెలియని భాషలా వినిపిస్తుంది. చదవగలరు, మాట్లాడగలరు, తలుపు చప్పుడు గుర్తుపడతారు, మాట మాత్రం అందదు. ఉన్నట్టుండి ఇలా అయినా, ఒక చెవి హఠాత్తుగా మూగబోయినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. హఠాత్తుగా పోయిన వినికిడికి మందు మొదలుపెట్టడంలో ప్రతిరోజూ లెక్కే.

చెవి మిషన్ విషయంలో ఎక్కువమంది మొదటి వారంలోనే దాన్ని డబ్బాలో పెట్టేస్తారు. ఏళ్ల తరబడి అందని ధ్వనులు ఒక్కసారిగా వచ్చి పడతాయి: గిన్నెల చప్పుడు, పేపరు మడత, చెప్పుల శబ్దం. వేటిని పక్కన పెట్టాలో మెదడు మళ్లీ నేర్చుకోవాలి, దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మొదట ఇంట్లో, ఒక్కరితో మాట్లాడేటప్పుడు రోజుకు కొన్ని గంటలు పెట్టుకుని, క్రమంగా పెంచి, పెళ్లిళ్లకూ బజారుకూ చివర్లో తీసుకెళ్లాలి. రెండు మూడుసార్లు ఆడియాలజిస్టు దగ్గర అమరిక మార్పించుకోవడం కొనుగోలులో భాగమే. అది లేకుండా అమ్మే చోట కొనవద్దు.

బిడ్డల విషయంలో గడువు ఉంది

పెద్దవాళ్ల మెదడుకు మాటల సరిహద్దులు ముందే తెలుసు, ధ్వని మాత్రమే తగ్గింది. పుట్టుకతో వినపడని బిడ్డకు ఆ సరిహద్దులు గీసుకోవడానికే ముడిసరుకు అందడం లేదు. అందుకే ప్రపంచవ్యాప్తంగా పాటించే గడువు ఇది: నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు.

మొదటి పరీక్ష ఓఏఈ. చెవిలో చిన్న గొట్టం పెట్టి క్లిక్కులు వినిపిస్తే, ఆరోగ్యంగా ఉన్న బయటి రోమ కణాలు తిరిగి సన్నటి ప్రతిధ్వనిని పంపుతాయి. 1978లో డేవిడ్ కెంప్ కనిపెట్టిన ఈ ప్రతిధ్వనిని మైకు పట్టుకుంటుంది. కొన్ని నిమిషాల పని, నొప్పి ఉండదు, బిడ్డ నిద్రలో ఉంటే చాలు. పుట్టిన మొదటి రోజున చెవిలో ఉమ్మనీరు మిగిలి ఉండి పరీక్ష ఫెయిల్ అని రావచ్చు. కంగారుపడకుండా, అలాగని వదిలేయకుండా, చెప్పిన తేదీకి మళ్లీ చేయించాలి. చాలామంది జారిపోయేది ఈ రెండో తేదీ దగ్గరే.

ఓఏఈ పాస్ అయితే కర్ణావర్తం వరకు బాగున్నట్టు, అక్కడి నుంచి నరం సంగతి అది చెప్పదు. ఐసీయూలో ఐదు రోజులకు మించి ఉన్న బిడ్డకు, రక్తం మార్చాల్సినంత కామెర్లు వచ్చిన బిడ్డకు బేరా పరీక్ష కూడా కావాలి. తల మీద అతికించిన ఎలక్ట్రోడులతో మెదడు కాండం దాకా కబురు చేరుతోందో లేదో అది చూస్తుంది. మేనరికపు పెళ్లిళ్లున్న కుటుంబాల్లో, ఇంట్లో ఎవరికైనా పుట్టుకతో వినికిడి లోపం ఉన్నచోట మరింత జాగ్రత్త అవసరం.

పాస్ అయినా గమనిస్తూనే ఉండాలి, కొన్ని లోపాలు తర్వాత మొదలవుతాయి. తొమ్మిది, పది నెలలకు 'బాబాబా', 'దదద' లాంటి పలుకులు రాకపోయినా, వచ్చినవి ఆగిపోయినా మళ్లీ పరీక్షించాలి. పళ్లెం మోగించి తల తిప్పాడు కాబట్టి వినపడుతోందన్న ఇంటి పరీక్షను నమ్మవద్దు. పళ్లెం మోతలో అన్ని పౌనఃపున్యాలూ ఉంటాయి, హల్లులు అందని బిడ్డ కూడా దానికి తిరుగుతాడు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో, మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో ఈ పరీక్షలూ, ఆ తర్వాత కావాల్సిన మాట శిక్షణా దొరుకుతాయి.

చెవి మిషన్ చాలని బిడ్డకు కాక్లియర్ ఇంప్లాంట్ పెడతారు. 3,500 రోమ కణాల పనిని అందులో 12 నుంచి 22 ఎలక్ట్రోడులు చేయాలి. అంత తక్కువ సమాచారంతోనూ భాష వస్తుంది, ఎంత చిన్న వయసులో పెడితే అంత బాగా. సర్జరీ తర్వాత సంవత్సరాల శిక్షణ ఉంటుంది. సర్జరీ తేదీ అడిగేటప్పుడే వారానికి ఎన్నిసార్లు థెరపీ, ఊరికి దగ్గర్లో ఎక్కడ, తెలుగులో చెప్పే థెరపిస్టు ఉన్నారా, యంత్రం పాడైతే రిపేరు, కేబుళ్ల ఖర్చు ఎవరిది అన్నవి కూడా రాయించుకుని రండి.